చూడ్డానికొచ్చిన అమ్మాయి

తప్పంతా మా భవానీప్రసాద్ మామయ్య ఫోన్‌ది.

నందిగామ హైవే పక్కన ఆయన కట్టించిన స్విమ్మింగ్ పూల్‌లో నేను లైఫ్‌గార్డ్‌ని. మెడలో విజిల్ వేసుకుని ఎత్తు కుర్చీలో కూర్చోవాలి. నీళ్ళలో దిగినవాళ్ళు దిగినట్టే పైకి వచ్చేలా చూసుకోవాలి. అదీ నా ఉద్యోగం. మా చందర్లపాడులో మాత్రం దీన్ని ఉద్యోగం అనరు. "పుష్పవతి కొడుకు నందిగామలో నీళ్ళకి కాపలా ఉంటాడు" అంటారు. ఆ మాట అమ్మ చెవిన పడిన రోజున ఇంట్లో నాకు పచ్చడి మెతుకులే.

ఒక సాయంత్రం నేను స్నానం చేస్తుంటే ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది.

"పుష్పా, రేపు పదింటికి జగ్గయ్యపేట నుంచి ఒకమ్మాయి వస్తుంది, మన వీరేంద్రని చూడ్డానికి. కాస్త గడ్డం గీసుకుని నీట్‌గా ఉండమను" అన్నాడట మామయ్య. ఇంతలో అవతల ఎవరో పిలిచేసరికి పెట్టేశాడు.

మామూలు ఇంట్లో అయితే ఈ మాటకి ఇంకో అర్థం రాదేమో. కానీ మా అమ్మ చాలాకాలంగా "అన్నయ్యా, మావాడికో సంబంధం చూడు" అని ఆయన ప్రాణం తీస్తోంది.

"అమ్మాయే వచ్చి చూస్తుందంటరా" అంది నేను బయటికి రాగానే. "రోజులు మారాయి. పోన్లే, మనం ఎండన పడి వెళ్ళే పని తప్పింది."

"పూల్ దగ్గర పెళ్ళిచూపులేంటమ్మా?"

"పని చేసే చోట చూస్తేనే మనిషి సంగతి తెలిసేది. పిల్ల తెలివైందిరా. రేపు నేల చూపులు చూడకు. ఆ అమ్మాయి మొహంలోకి చూసి మాట్లాడు. లేకపోతే పొగరనుకుంటారు."

నేను నవ్వేశాను. కానీ మర్నాడు పొద్దున గడ్డం రెండుసార్లు గీసుకున్నాను.

సరిగ్గా చెప్పిన వేళకే వచ్చింది. లేత నీలం కుర్తా, భుజాన బ్యాగు, ఎండకి కందిన ముఖం. పేరు యశస్విని అని చెప్పింది. పూల్ అంచుకి బాగా దూరంలో, గోడవారన ఆగిపోయి అక్కణ్ణుంచే మాట్లాడింది. సిగ్గు కాబోలనుకున్నాను.

"మీ పని మీరు చేసుకోండి. నేను కొన్ని అడుగుతా, చెప్పండి చాలు."

"అడగండి."

"ఇంతకుముందు మిమ్మల్ని ఎవరైనా చూశారా?"

ఇంత సూటిగా అడుగుతుందనుకోలేదు. సరే, దాపరికం ఎందుకు అనుకున్నాను. "ఇద్దరు చూశారండి. గుడిమెట్ల వాళ్ళొకరు, కంచికచర్ల వాళ్ళొకరు."

"ఏమన్నారు?"

"గుడిమెట్ల వాళ్ళు కబురు చేస్తామన్నారు. ఇంకా చెయ్యలేదు. కంచికచర్ల వాళ్ళకి నా రంగు నచ్చలేదు. ఎండలో కూర్చునే పని కదండి."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "రంగు చూసి వద్దన్నారా? చాలా అన్యాయమండి."

ఆ ఒక్క మాటకే నేను సగం మునిగిపోయాను.

"రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర పడుతుందా?"

"తలగడ మీద తల పెడితే చాలండి."

"అలవాట్లు?"

"టీ ఒక్కటే."

"ఎవరైనా మిమ్మల్ని గట్టిగా పట్టేసుకుని వదలకపోతే ఏం చేస్తారు?"

నా చెవులు వేడెక్కాయి. "నేనూ వదలనండి" అన్నాను.

"అలా చేస్తే ఇద్దరూ పోతారు" అంది చాలా సీరియస్‌గా.

అప్పటికైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. అమ్మ చెప్పినట్టు ఆమె ముఖంలోకే చూస్తున్నాను. గాలికి కళ్ళ మీద పడుతున్న జుట్టుని ఆమె విసుగ్గా వెనక్కి తోసుకుంటోంది. అది మళ్ళీ వచ్చి పడుతోంది. అంతకన్నా చూడదగ్గది నందిగామలో ఇంకేం ఉంటుందనిపించింది.

"వీరేంద్రా" అని వెనక నుంచి పిలుపు వినిపించింది.

చంద్రమౌళి మాస్టారు. స్కూల్లో నాకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులకి నీళ్ళలో నడవమని డాక్టర్ చెబితే రోజూ వస్తారు. లోతు తక్కువ వైపు, నా కుర్చీ కిందే, కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేను పోయి చాలాసేపయింది నాయనా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. యశస్విని చెప్పింది. ఆమె విజయవాడలో ఈత కొలనుల భద్రత చూసే కంపెనీలో పని చేస్తుందట. లైఫ్‌గార్డ్‌లు ఎలా పని చేస్తున్నారో అసెస్‌మెంట్ చెయ్యమని మామయ్యే పిలిపించాడట. లోతు వైపు కుర్చీలో ఉన్న ఇంకో గార్డు రత్నబాబుని, నా దగ్గరికి రాకముందే చూసేసిందట. నా వంతు వచ్చినప్పుడు, చప్పుడు చెయ్యకుండా మునిగి ఉండమని మాస్టారికి చెప్పి, నన్ను మాటల్లో పెట్టిందట.

"మీరు నీళ్ళ మీంచి చూపు తిప్పారు" అంది. "తిప్పి, నన్నే చూస్తూ కూర్చున్నారు."

సరిగ్గా అప్పుడే గేటు తోసుకుని, చేతిలో స్టీలు డబ్బాతో మా అమ్మ వచ్చింది. ముఖమంతా నవ్వే.

"అమ్మాయ్, మావాడు నచ్చాడా?"

"లేదండి. ఫెయిల్ చేశాను."

అమ్మ నావైపు తిరిగింది. "మొహం మీదే చెప్పేస్తుందేంట్రా?"

ఆ తర్వాత అక్కడ జరిగిన సంభాషణ తలుచుకుంటే నాకు ఇప్పటికీ నీళ్ళలో దాక్కోవాలనిపిస్తుంది. అమ్మ చెప్పిందంతా విన్నాక యశస్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంటే గుడిమెట్ల వాళ్ళు..." అని ఆగిపోయింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఆఁ, వాళ్ళు కబురు చెయ్యరులే" అంది అమ్మ. "సంగతేదైతేనేం, ఎండన పడి వచ్చావు. ఇవి తిను." సున్నుండల డబ్బా ఆమె బ్యాగులో కుక్కేసి కానీ ఊరుకోలేదు.

అమ్మ వెళ్ళాక యశస్విని నవ్వు ఆపుకుంది. గోడవారన నిలబడే, నెమ్మదిగా చెప్పింది.

"మీరు ఎందుకు చూశారో ఇప్పుడు తెలిసింది. అయినా ఫెయిలేనండి. చిన్నప్పుడు కీసర దగ్గర మున్నేట్లో నేను మునిగిపోయా. అమ్మ పక్కనే ఉంది. పిన్నులున్నారు. అందరూ కబుర్లలో ఉన్నారు. నేను కేకెయ్యలేదు. మునిగేవాళ్ళు కేకెయ్యలేరు. మా తాతయ్య ఒక్కడే చూసి జడ పట్టి లాగాడు. మా అమ్మ మంచిదేనండి. చూడలేదు, అంతే."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మాస్టారు నటించారు కాబట్టి సరిపోయింది. నిజంగా మునిగి ఉంటే? ఈ కుర్చీ ఎక్కాక ఎప్పుడూ తప్పని చూపు, ఒక జుట్టు ముంగురు కోసం తప్పింది. మామయ్య వచ్చి, వారం తర్వాత మళ్ళీ చూస్తారనీ, ఈసారి కూడా ఇలాగే అయితే కుర్చీ దిగి టిక్కెట్ల కౌంటర్లో కూర్చోవాలనీ చెప్పి వెళ్ళాడు. నాకు తెలిసిన పని ఇదొక్కటే. కృష్ణ ఒడ్డున పుట్టి నేర్చుకున్న ఒక్క విద్యా టిక్కెట్లు చింపడానికి కాదు కదా.

అంతకన్నా బాధ ఇంకొకటి ఉంది. ఆమెకి నేను చూడని మనుషుల్లో ఒకడిగా గుర్తుండిపోతాను.

వారం తర్వాత మబ్బు పట్టిన మధ్యాహ్నం, చెప్పుల చప్పుడు గోడవారన ఆగింది.

"నమస్తే వీరేంద్ర గారూ."

"నమస్తే అండి" అన్నాను నీళ్ళకి.

"కోపమా?"

"లేదండి. డ్యూటీ."

తర్వాత డబ్బా మూత చప్పుడైంది. "మీ అమ్మగారి డబ్బా తెచ్చా. ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, మా అమ్మ ఏదో చేసి పెట్టింది. ఏంటో చూడరా?"

"వాసనకే తెలుస్తోందండి. జంతికలు."

చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చూడలేదు. నీళ్ళలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. కమ్మీ పక్కన మాస్టారు అటూ ఇటూ నడుస్తున్నారు. నా కళ్ళు ఒక చివర నుంచి ఇంకో చివరకి, మళ్ళీ వెనక్కి తిరుగుతూనే ఉన్నాయి. కొలను ఇంత పెద్దదని అంతకుముందు నేనెప్పుడూ అనుకోలేదు.

"ఒకటి అడగనా? అసెస్‌మెంట్‌లోది కాదు, ఊరికే."

"అడగండి."

"ఆ రోజు నేను మీరనుకున్న అమ్మాయిని కాదని తెలిశాక ఏమనిపించింది?"

విజిల్‌ని పిడికిట్లో బిగించాను. "బాధేసిందండి. ఫెయిలైనందుకు కాదు. మీరు నన్ను..."

మాస్టారు తల కనిపించడం లేదు.

మిగిలిన మాట కుర్చీ దగ్గరే ఉండిపోయింది. విజిల్ ఊదాను, దూకాను. నీళ్ళ అడుగున ఆయన రెండు చేతులతో నేలని తడుముతున్నారు. చంకల కింద చేతులు వేసి పైకి లాగి, గట్టున కూర్చోబెట్టాను. ఆయన నన్ను కొట్టినంత పని చేశారు.

"ఫళ్ళు రా. నా ఫళ్ళు పడిపోయాయి."

తుమ్మేసరికి కట్టుడు పళ్ళు జారి నీళ్ళలో పడ్డాయట. వెతుక్కుందామని మునిగారట. మళ్ళీ దిగి తెచ్చిచ్చాను. కడుక్కుని పెట్టుకుని, "ఈసారన్నా చూశావు" అని దీవించినట్టే అన్నారు. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు.

అంతలో పరిటాల వైపు ఆకాశం ఉరిమింది. ఉరుము వినిపిస్తే నీళ్ళలో ఒక్కరూ ఉండకూడదు. నేనూ రత్నబాబూ పొడుగ్గా విజిల్ ఊది అందర్నీ పైకి రప్పించాం. చివరి పిల్ల చెప్పులేసుకుని లోపలికి వెళ్ళేదాకా చూసి, అప్పుడు రేకుల షెడ్డు కిందికి వచ్చాను. యశస్విని అక్కడే ఉంది. రేకుల మీద వాన మొదలైంది.

"మాస్టారిది డ్రిల్లేనా అండి?"

"కాదు. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు."

"మరి నేను..."

"పాస్" అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "నేను మాట్లాడుతుంటే, అదీ అలాంటి మాట అడిగితే, మధ్యలో వదిలేసి దూకారు. నాకెంత ధైర్యం వచ్చిందో మీకు తెలీదు."

నేను తడి బట్టలతో తల దించుకుని నిలబడ్డాను.

"నీళ్ళలో ఎవరూ లేరుగా" అంది మెల్లిగా. "ఇప్పుడు చూడొచ్చు. ఆ సగం మాట కూడా చెప్పొచ్చు."

అలవాటు కొద్దీ కొలను వైపు ఇంకోసారి చూశాను. వాన చినుకులు తప్ప ఏమీ లేవు. అప్పుడు ఆమె వైపు తిరిగాను. ముంగురు అక్కడే ఉంది.

"మీరు నన్ను చూడ్డానికి రాలేదని బాధేసిందండి. వచ్చి ఉంటే బాగుండుననిపించింది. వారమంతా అదే అనిపించింది."

ఆమె డబ్బాని నా చేతిలో పెట్టింది. వదలడానికి కొంచెం ఆలస్యం చేసింది. "ఇక ఈ పూల్ అసెస్‌మెంట్ నేను చెయ్యకూడదు. వేరేవాళ్ళని పంపమని మా ఆఫీసులో చెప్తా."

"అదేంటండి? మళ్ళీ రారా?"

"వస్తా" అంది. "ఈసారి చూడ్డానికే. మా నాన్నతో."

వచ్చారు. వాళ్ళ నాన్న నా రంగు గురించి ఏమీ అనలేదు. మున్నేటి సంగతి ఆయన మరిచిపోలేదు కాబోలు, నాతో మాట్లాడుతున్నంతసేపూ కొలనునే చూస్తూ కూర్చుని, చివర్లో "మీ పని మంచిది బాబూ" అన్నారు. అమ్మ ఆ మాటని చందర్లపాడంతా మోసింది. ఆ తర్వాత డబ్బా ఒకటి మా ఊరికీ జగ్గయ్యపేటకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఎప్పుడూ ఖాళీగా రాలేదు.

ముహూర్తాల మాట నడుస్తున్న రోజుల్లో, ఒక పొద్దున పూల్ ఇంకా తెరవకముందు, యశస్విని గోడవారన చెప్పులు వదిలింది. అక్కడే ఆగలేదు. లోతు తక్కువ వైపు మెట్ల దాకా వచ్చింది. కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది.

"చిన్నప్పట్నుంచీ దిగలేదు" అంది. "ఇంతమంది గార్డుల్ని చూశా కానీ, ఎవరి ముందూ దిగాలనిపించలేదు."

"ఇవాళ కాకపోతే ఇంకోరోజండి. తొందరేం లేదు."

"దిగుతా. కానీ నా మీంచి చూపు తిప్పకూడదు. అస్సలు."

నేను మొదటి మెట్టు దగ్గర మోకాలి మీద కూర్చున్నాను. ఆమె ఒక కాలు పెట్టింది. రెండోది పెట్టింది. నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ తెరిచి, నేనున్నానా అని వెతుక్కుంది. ఉన్నాను. ఆ జుట్టునీ, ఆ కళ్ళనీ, భయంలోంచి మెల్లగా వస్తున్న నవ్వునీ, ఏ అసెస్‌మెంట్‌కీ జంకకుండా ఎంతసేపు కావాలంటే అంతసేపు చూశాను.

వెనక గేటు చప్పుడైంది. అమ్మ గొంతు. "ఒరేయ్ వీరేంద్రా, పంతులు గారు లైన్లో ఉన్నారు. రెండు ముహూర్తాలు చెబుతున్నారు. ఇటు తిరిగి ఏదో ఒకటి చూడరా."

"ముహూర్తం నువ్వే చూడమ్మా" అన్నాను తల తిప్పకుండా. "నేను డ్యూటీలో ఉన్నా."