పక్కింటి సంతకం

"ఏమండీ! ఒకసారి బయటికి రండి... ఎవరో మన గేటుకి కాగితం అంటిస్తున్నారు!"

ఆమె కేక విని భర్త కుట్టుమిషను దగ్గర్నుంచి మెడలో టేపుతోనే వచ్చాడు. నగరపాలక సంస్థ ఇన్‌స్పెక్టరు జిగురు చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"సిటీలో మేకల్ని పెంచడానికి రూల్సున్నాయమ్మా. రెండింటికి మించకూడదు. పాక పక్కవాళ్ళ గోడకి పదిహేను అడుగుల దూరంలో ఉండాలి. రెండువైపులవాళ్ళూ మాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పది రోజులు గడువు. ఆ తర్వాత మేమే తీసుకుపోతాం."

"ఇరవై ఎనిమిదేళ్ళుగా పెంచుతున్నాను బాబూ! ఇన్నాళ్ళూ లేని రూలు ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది?"

"రూలు ఎప్పుడూ ఉంది. ఫిర్యాదే ఇప్పుడొచ్చింది."

ఫిర్యాదా! ఎవరికి ఏం అపకారం చేసింది తను?

ఆమె కాపురానికొచ్చిన ఏడాదికే అత్తగారు మూడేళ్ళ మరిదిని ఆమె ఒళ్ళో పెట్టి కన్నుమూసింది. పిల్లాడికి ఏ పాలూ సరిపడేవి కావు, మేకపాలు తప్ప. అలా వచ్చింది ఆ ఇంటికి మొదటి మేక! వాడికి గోరుముద్దలు తినిపించింది, పలక మీద చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది... తనకి పిల్లలు పుట్టలేదన్న సంగతే మరిచిపోయింది. ఇప్పుడు వాడు పెద్ద ఉద్యోగస్థుడు. అదే స్థలంలో సగభాగంలో మేడ కట్టుకుని, పెళ్ళాంతో పక్కనే ఉంటున్నాడు. ఆమెకి మిగిలినవి మూడు మేకలే.

ఒకదాన్ని గుండె రాయి చేసుకుని ఊరవతల బంధువులకి ఇచ్చేసింది. పాక విప్పి, తనే కర్రలు మోసుకుంటూ దూరంగా కట్టింది. ఎడమవైపు ఇంట్లోని రిటైరైన హెడ్‌మాస్టరు కళ్ళజోడు సవరించుకుని, "నా గులాబీలు మేశాయమ్మా నీ మేకలు! అయినా మా ఆవిడకన్నా తక్కువే అరుస్తాయి, ఇటివ్వు," అని నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది మరిదే. వాడిని అడగాల్సిన పనేముంది?

"అక్కడ పెట్టు వదినా, చదివి చూస్తాను," అన్నాడు మరిది, ఫోన్లోంచి తలెత్తకుండా.

రెండు రోజులయ్యాయి... నాలుగయ్యాయి...

"చూశావా చిన్నోడా?"

"ఆఫీసులో ఊపిరాడటం లేదు వదినా. రేపు చూస్తాలే."

తొమ్మిదో రోజున గడువు పెంచమని అడగడానికి ఆమె ఒక్కతే ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా ఫైలు తెరిచి ఆమె ముందు పెట్టి, దరఖాస్తు కాగితం కోసం బీరువా వైపు తిరిగాడు. పైనే ఉంది ఫిర్యాదు. ఆ రాత...! తను దిద్దించిన అక్షరాలు తనకి తెలియవా?

'పక్కింటివాళ్ళు చదువులేని మనుషులు. చెప్పినా అర్థం చేసుకోరు...'

కింద మరిది సంతకం.

"గడువు ఎన్ని రోజులు కావాలమ్మా?" అన్నాడు గుమాస్తా.

"అక్కర్లేదు బాబూ," అంది ఆమె.

ఇంటికి రాగానే భర్త అడిగాడు, "చిన్నోడు సంతకం పెట్టాడా?"

నిజం చెబితే...? ఈయన కోపం తనకి తెలీనిదా! అన్నదమ్ములు మళ్ళీ ఈ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

"నేనే వద్దనుకున్నానండీ. మోకాళ్ళు నొప్పులు... ఇంక నావల్ల కాదు. ఇచ్చేద్దాం."

"అంత విశ్వాసంగా ఉన్న మూగజీవాల్ని వదిలించుకోడానికి నీకు మనసెలా ఒప్పిందే? పిల్లల్ని కననిదానివి, నీకేం తెలుస్తుందిలే!"

ఆ మాట బాకులా దిగింది. ఆమె మేకలకి మేత వెయ్యడానికి పెరట్లోకి నడిచింది.

మర్నాడు మేకల్ని వ్యాను ఎక్కించారు. సాయంత్రం మరిది నవ్వుమొహంతో పెరట్లోకి వచ్చాడు. "మంచి పని చేశావు వదినా! ఇక హాయిగా రెస్టు తీసుకో."

"నువ్వు రాసిన కాగితం చూశాను చిన్నోడా."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అది... మా ఆఫీసరు ఇంటికొచ్చి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు వదినా. తల కొట్టేసినట్టయింది. నీకెలా చెప్పాలో తెలీక..."

"గోడవతల నుంచి ఒక్క కేకేస్తే చాలదట్రా? నీకోసం తెచ్చినవాటిని నీకోసం పంపించలేనా! చదువులేనిదాన్ని, అర్థం చేసుకోలేననుకున్నావా?"

వాడు గబుక్కున ఆమె చేతులు పట్టుకున్నాడు. క్షమించమంటాడేమోననుకుంది పిచ్చితల్లి...

"అన్నయ్యకి మాత్రం చెప్పకు వదినా!"

ఆమె మెల్లగా చేతులు విడిపించుకుంది. "చెప్పను."

ఆదివారం పొద్దున వాడు ఎప్పటిలాగే అన్నగారి దగ్గరికి వచ్చాడు. ఆమె లోపలి నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"రండి, కూర్చోండి. టీ తాగుతారా?"

మిషను తొక్కుతున్న భర్త పకపకా నవ్వాడు. "మన చిన్నోడికి ఈ కొత్త మర్యాదలేంటే?"

మరిది నవ్వలేదు. కుర్చీ అంచున ఒదిగి కూర్చుని, తల దించుకున్నాడు.

"పెద్దవారయ్యారు కదండీ," అని, ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.