పదమూడు తర్వాత పద్నాలుగు

"ఆగండక్కడ! ఇంకో అడుగు లోపల పడిందంటే ఊరుకోను!"

గుమ్మంలో ఆమె ఒంటికాలి మీద ఆగిపోయింది. నెత్తిన గొడుగు, గొడుగు అంచుల నుంచి కారుతున్న వాన, పక్కన బండివాడు దించి వెళ్ళిన రేకు ట్రంకుపెట్టె.

"నన్ను దొంగననుకున్నారా?"

"దొంగైతే నయం. వచ్చి పట్టుకుపోతాడు. తడి వస్తే పోదు. ఫిల్ముకు బూజు పడుతుంది."

"మరి గుమ్మం దగ్గర స్వాగతం అని రాసిన పట్టా ఎందుకేశారు?"

"కాళ్ళు తుడుచుకోవడానికి."

ఆమె కాళ్ళు తుడుచుకుంది. అతన్ని చూస్తూ, కావాలనే, ఒక్కో కాలూ అరనిమిషం తుడిచింది. వయసొచ్చిన మగవాణ్ణి మాటల్లేకుండా ఉడికించడం కొంతమంది ఆడపిల్లలకు పుట్టుకతో వస్తుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు.

అది పాత ఫిల్ములు తుడిచి, తెగినచోట అతికించి, కంప్యూటర్లోకి ఎక్కించే ల్యాబు. అతని అక్క మొగుడిది. అతనికి ముప్ఫై మూడు. పెళ్ళి మాటెత్తితే తెల్ల చేతితొడుగులు వేసుకుని రీళ్ళ గదిలోకి వెళ్ళిపోయేవాడు.

"ఇందులో ఒక సినిమా ఉంది," అంది ఆమె ట్రంకుపెట్టె మీద చెయ్యి వేసి. "మా నాన్న తీసింది. ఆ ఒక్కటే తీశారు. పేరు చెప్పినా మీకు తెలీదు. మా చుట్టాలకే తెలీదు."

"చెప్పండి, చూద్దాం."

"ఆవలి గట్టు."

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. నోరు మాత్రం దానంతటదే కదిలింది.

"దీపం ఆర్పకు. నాకు కనపడకపోయినా ఫర్లేదు. వెలుగుతోందని తెలిస్తే చాలు."

ఆమె ట్రంకుపెట్టె మీద కూలబడింది. అతనన్నది ఆ సినిమాలో నర్సు పడవవాడితో చెప్పే మాట.

"ఎవరండీ మీరు?" అంది ఆమె.

"నాలుగు రోజులాడింది. నాలుగు రోజులూ చూశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు."

"ఇరవై నాలుగేళ్ళు! ఇన్నేళ్ళలో మా నాన్న సినిమా చూసిన మనిషి ఒక్కరు కూడా నాకు తగల్లేదు. ఉన్నారని కూడా అనుకోలేదు."

ఆమె అతన్ని తేరిపార చూసింది. ఆ చూపుకు అతను చేతితొడుగులు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

ఆమె పళ్ళ డాక్టరు. సాయంత్రం క్లినిక్కు వెళ్ళేముందు రోజూ వచ్చి కూర్చునేది. నాన్న పుట్టినరోజుకు ఆ సినిమా ఆయనకు చూపించాలని పంతం. తనూ ఎప్పుడూ చూడలేదు.

"ఈ అతుకు బాగా వేశారు రీళ్ళాయనా. నేను వేసిన సిమెంటు కూడా ఇంత నున్నగా ఉండదు."

"పన్ను కదిలితే మనిషి అరుస్తాడు, మీకు తెలుస్తుంది. ఫిల్ము అరవదు డాక్టరమ్మా. మనమే చూసుకోవాలి."

"అబ్బో! ఇలాంటి మాటలు ఎంతమందికి చెప్పారు?"

"ఇంతవరకూ ఎవరూ పట్టా మీద కాళ్ళు తుడుచుకుని లోపలికి రాలేదు."

పక్కగదిలోంచి బావ దగ్గాడు. ఆమె వెళ్ళాక తల లోపలికి పెట్టాడు.

"బావమరిదీ! రోజుకో రీలు తుడిచేవాడివి. ఈ వారం సగం రీలే అవుతోంది. పని మీద శ్రద్ధ పెరిగిందా, పని అయిపోతుందని భయం పెరిగిందా?"

"నీ పని చూసుకో బావా."

"నా పని ఎప్పుడో అయిపోయింది. మీ అక్కనే చేసుకున్నాను కదా."

పన్నెండో రీలు తుడుస్తున్న రోజు ఆమె అడిగింది. "ఇంతకాలం పెళ్ళెందుకు చేసుకోలేదు?"

"మీ నాన్నగారి వల్లే."

"మధ్యలో మా నాన్నేం చేశారు?"

"సినిమా చివర్లో నర్సు వెళ్ళిపోతుంది కదా. పడవలో కూర్చుని, వెనక్కి తిరక్కుండా. వెంటనే శుభం అని పడుతుంది. ఇందులో శుభం ఏముందిరా అని తొమ్మిదేళ్ళప్పుడు ఒకటే ఏడ్చాను. ఎంత ప్రేమ ఉన్నా చివరికి వెళ్ళిపోతారని అప్పుడే అర్థమైపోయింది. అర్థమైన విషయంలోకి మళ్ళీ దూరడమెందుకు?"

ఆమె నవ్వలేదు. "వెళ్ళిపోవడమేంటి? తల నెరిశాక తిరిగొస్తుంది. నాన్న స్క్రిప్టు నా దగ్గరుంది."

"తిరిగొస్తుంది. తర్వాత జుట్టు నల్లబడుతుంది, అప్పుడు వెళ్ళిపోతుంది. సంతోషంతో వయసు తగ్గిందనుకున్నాను."

తొమ్మిదేళ్ళప్పుడు గుండెలో పెట్టుకున్నదాన్ని మనిషి మళ్ళీ విప్పి సరిచూసుకోడు. పైకి అన్నాక గానీ ఆ మాట ఎంత తెలివితక్కువగా ఉందో అతనికి తెలియలేదు.

ఆమె మొహంలో రంగు పోయింది. "మీరు చూసింది ఊరి మధ్య పెద్ద హాల్లోనా?"

"అవును."

"ఆ హాల్లోనే మా నాన్న బతుకు పోయింది. మొదటి ఆట. పత్రికలవాళ్ళూ, సినిమా కొనేవాళ్ళూ అందరూ వచ్చారు. ఎవడో ఆపరేటరు, చివరి రెండు రీళ్ళూ తారుమారు చేసి వేశాడు. జనం గోల. 'అమ్మా, జుట్టుకేం రంగేశావు' అని ఈలలు. మిగతా ఊళ్ళవాళ్ళు సినిమా వద్దన్నారు. నాన్న మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఫైళ్ళు మోశారు." ఊపిరి తీసుకుంది. "ఆ ఆపరేటరు దొరకాలి నాకు! మత్తు ఇవ్వకుండా ఒక్కొక్క పన్నూ పీకుతాను."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆ హాల్లో ఆపరేటరు ఒక్కడే. అతని నాన్న. సినిమా మిషను గది కిటికీలోంచి చూసింది కూడా నాన్న స్టూలు మీద నిలబడే. ఆ నాలుగు రోజుల తర్వాత నాన్న ఉద్యోగం పోయింది. ఎందుకో ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆమె వెళ్ళగానే చివరి రెండు డబ్బాలూ తీశాడు. పదమూడు అంకె కొట్టేసి పక్కన పద్నాలుగు అని రాసి ఉంది. పద్నాలుగు కొట్టేసి పదమూడు. ఆ నాలుగు అంకె కుర్చీలా ఉంది. ఇంట్లో క్యాలెండరు మీద నాన్న గ్యాసు తేదీలు రాసే నాలుగు అదే.

రీలు చివరికి తిప్పాడు. శుభం అన్న ముక్కను ఒకచోట కత్తిరించి ఇంకోచోట అతికించారు. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. అలా కత్తిరించడం అతనికి నేర్పిన చెయ్యే అది. తొందరలో డబ్బాలు తారుమారైతే పొరపాటు అనుకోవచ్చు. శుభాన్ని కోసి మరీ అతికించాడంటే, తెలిసి చేశాడు.

బల్ల మీద స్పిరిటు ఉంది, దూది ఉంది. రెండు డబ్బాల మీద నాలుగు గీతలు. రెండు నిమిషాలు రుద్దితే పోతాయి. ఆమెకు ఎప్పటికీ తెలియదు. రేపు మళ్ళీ వస్తుంది, కాళ్ళు తుడుచుకుంటుంది, రీళ్ళాయనా అంటుంది.

దూది తడిపాడు. పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. దూది చేతిలోనే ఆరిపోయింది.

కుట్టుమిషన్లు బాగుచేసే నాన్న దుకాణానికి వెళ్ళాడు. నాన్న కుట్టుమిషను బోర్లించి నూనె పోస్తున్నాడు.

"ఆవలి గట్టు రీళ్ళు మా ల్యాబుకొచ్చాయి నాన్నా."

నూనె ధార ఆగింది. "బూజు పట్టలేదుగా?"

"చివరి రెండూ నువ్వే మార్చావా?"

"నేనే మార్చాను."

"ఎందుకు?"

నాన్న మిషను చక్రం తిప్పాడు. అది సాఫీగా తిరిగేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

మర్నాడు ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే చెప్పేశాడు. ఆలస్యమైతే చెప్పలేనని తెలుసు.

"మీరు వెతికే ఆపరేటరు మా నాన్న. పొరపాటున కాదు, తెలిసే చేశాడు. అదుగో డబ్బాలు."

ఆమె డబ్బాలు చూసింది. అతన్ని చూసింది. తిరిగి వానలోకి వెళ్ళిపోయింది. అతను వెనక నుంచి పిలవలేదు. వెళ్ళేవాళ్ళను పిలవడం అతనికి చేతకాదు.

మూడు రోజులు రాలేదు. బావ కూడా జోకులు మానేశాడు.

నాలుగో రోజు వచ్చింది. పక్కన మెడదాకా గుండీలు పెట్టుకున్న సన్నటి పెద్దాయన. డైరెక్టరుగారని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన తలెత్తి ముందు లైటు ఎటునుంచి పడుతోందో చూశాడు.

"డబ్బాల సంగతి చెప్పాను. అప్పటినుంచి ఒక్క మాట లేదు. ఇందాక 'పద' అని చెప్పులేసుకున్నారు," అంది ఆమె, అతని వైపు చూడకుండా.

పెద్దాయన డబ్బా మీద అంకెలు వేలితో తడిమాడు.

"మీ నాన్న ఉన్నాడా బాబూ?"

"ఉన్నారండీ." చెంపదెబ్బకు సిద్ధపడి నిలబడ్డాడు.

"ఇది రాసింది ఆయన." పెద్దాయన అంకెల మీంచి వేలు తీశాడు. "రాయించింది నేను."

బావ పక్కగదిలోంచి గుమ్మందాకా వచ్చాడు.

"నాన్నా?" అంది ఆమె.

"ఆట ఇంకో అరగంట ఉందనగా సినిమా కొన్నాయన నన్ను పక్కకు లాగాడు. 'ఆడమనిషి తిరిగొచ్చేస్తే ఇంకెవడు ఏడుస్తాడయ్యా, ఏడవకపోతే ఎవడు చూస్తాడు' అన్నాడు. పైకి పరిగెత్తాను. వెళ్ళిపోయేది చివర్లో వెయ్యి, శుభం దానికి అతికించు అన్నాను. మీ నాన్న ఒక్కటే అడిగాడు బాబూ. 'సార్, మరి ఆవిడ జుట్టు?' అని. నీ పని నువ్వు చూసుకో అన్నాను. రెండేళ్ళు ఆ సినిమాతో బతికినవాణ్ణి, ఆ అరగంటలో నాకు జుట్టు గుర్తు రాలేదు!"

"జనం గోల చేసినప్పుడు?"

"నాలుగు రోజులూ అదే గోల. నాలుగో రోజు హాలు ఓనరు ఆపరేటర్ని కాలరు పట్టుకుని కిందికి తెచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు."

ఆమె ఆయనకు ఎదురుగా వచ్చింది. "చిన్నప్పటినుంచీ నేను ఆ మనిషిని తిడుతూ పెరిగాను నాన్నా. అన్నం తింటూ తిట్టాను. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

"విన్నాను."

ఇన్నేళ్ళ మంచితనం ఒక్క మాటలో ఎలా ఊడిపోతుందో ఆ గదిలో ముగ్గురు చూశారు. బావ మెల్లిగా బయటికెళ్ళి మామగారికి ఫోను చేశాడు.

అతని నాన్న వచ్చాడు. చేతులకు నూనె, చొక్కా మీద దారప్పోగులు. డైరెక్టరు చేతులు జోడించబోయాడు.

"వద్దు సార్. ఇప్పుడీ దణ్ణాలు నాకెందుకు? ఇరవై నాలుగేళ్ళు కుట్టుమిషన్లకు నూనె పోశాను. సినిమా హాలున్న వీధిలో నడవలేదు."

"ఎందుకు చెప్పలేదయ్యా నా పేరు? ఒక్క మాట చెప్తే నీ ఉద్యోగం ఉండేదిగా!"

"చెప్తే మీకు ఇంకో సినిమా ఎవరూ ఇవ్వరనుకున్నాను. అంత బాగా తీశారు సార్. మీరేమో ఇంకోటి తియ్యనే లేదు! ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ కోపం ఇప్పటికీ ఉంది."

డైరెక్టరు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఓదార్చడానికి ఎవరూ వెళ్ళలేదు. నాన్న చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. కొడుకు ముందు అరచెయ్యి చాపాడు.

"తొడుగులు ఇవ్వరా."

శుభాన్ని కోశాడు. ఉండాల్సిన చోట అతికించాడు. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించాడు. అతని చేతులు ఏమీ మరిచిపోలేదు.

ల్యాబు వెనక చిన్న హాలుంది. పాత మిషను ఒక్కటే. రీలు రీలుకీ మధ్య ఆపి ఎక్కించాలి. మిషను గదిలో నాన్న, పక్కన స్టూలు మీద డైరెక్టరు, గుమ్మంలో బావ. కింద బెంచీ మీద వాళ్ళిద్దరూ, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

పదమూడో రీలు నడిచింది. నర్సు పడవెక్కింది. వెనక్కి తిరగలేదు. పడవ చుక్కంత అయింది. తెర తెల్లబడింది.

శుభం పడలేదు.

ఎన్నిసార్లు తలుచుకున్నా అతని సినిమా ఇక్కడే అయిపోయేది. ఇప్పుడు అవలేదు. పైన డబ్బా మూత తీసిన చప్పుడు.

"రీళ్ళాయనా," అంది ఆమె, మూడు రోజుల తర్వాత మొదటిసారి. "ఏడుస్తున్నారా?"

"భయమేస్తోంది. తర్వాత ఇంకోటి ఉందంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు." ఆగాడు. ఆగితే ఇక రాదని తెలిసి తోసేశాడు. "మొన్న మీరు వెళ్తుంటే పిలవాల్సింది. వెళ్ళేవాళ్ళని పిలవకూడదని నేర్చుకున్నాను. తప్పు నేర్చుకున్నాను. ఇప్పుడు పిలుస్తున్నాను. మీరంటే నాకిష్టం. చాలా. మొదటిరోజు నుంచీ."

ఆమె తెల్లతెర వైపే చూస్తోంది. "మా నాన్న మీ నాన్న బతుకు కాజేశారు. రేపెప్పుడైనా నా మొహం చూస్తే మీకు అదే గుర్తొస్తుంది."

"మీ మొహం చూస్తే నాకు చేస్తున్న పనే గుర్తుండదు. ఇంక అదేం గుర్తుంటుంది?"

ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటిలో ఏది ముందో తేల్చుకోలేక చున్నీతో మొహం కప్పుకుంది. 

పైనుంచి డైరెక్టరు గొంతు. "రీలు ఎక్కలేదా ఇంకా?"

"ఎప్పుడో ఎక్కింది సార్."

"మరి వెయ్యవేం?"

"ఆ అమ్మాయి ఇంకా జవాబు చెప్పలేదు సార్."

బెంచీ మీద ఇద్దరూ కొయ్యబారిపోయారు. మిషను గది కిటికీకి అద్దం లేదు. మొదటి మాట నుంచీ అన్నీ పైకి వినపడుతున్నాయి! గుమ్మంలో బావ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగిపోతున్నాయి.

ఆమె చున్నీ తీసింది. కళ్ళు తుడుచుకుంది. బెంచీ మీద ఖాళీ లేకుండా జరిగి కూర్చుని, కిటికీ వైపు తలెత్తింది.

"వెయ్యండి మామయ్యగారూ!"

పైన డబ్బా మూత ఒకటి జారిపడి గది పొడుగునా దొర్లింది. అది ఎక్కడో గోడకు తగిలి ఆగాక మిషను కదిలింది.