గేటు ఫైల్లో ఖాళీ లైను

"పాలు చిక్కగ ఉన్నయా అన్నా?"

"విరిగినయి. నిమ్మకాయ మనది కాదు."

కోడ్ కుదిరింది. సైదాబాద్ పాల దుకాణం ముందు బల్ల మీద దుర్గయ్య కాస్త పక్కకి జరిగాడు. చూసేవాళ్ళకి ఆయన రిటైరైన ఫిట్టర్. నిజానికి గూఢచార శాఖకి హైదరాబాద్ చీఫ్. పక్కన కూర్చున్నవాడు ఏజెంట్. ఈ ఊళ్ళో అతని పేరు ప్రేమ్‌రాజ్. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

"కంచన్‌బాగ్‌ల ఒక ల్యాబ్ ఉన్నది. రాకెట్ ముక్కుకు వాడే లోహం ఆడ తయారైతది," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "ఒక ఫారిన్ ముఠా వ్యాన్ తోలి దాన్ని లేపుకపోదామని చూస్తున్నది. లోపల మనిషిని పెట్టుకున్నరు. వ్యాన్ ఒక్కసారి లోపలికి పోతే ఖతం."

"గేటు చెకింగ్?"

"మొత్తం ఆటోమేటిక్. సైదాబాద్‌ల డేటా ఆఫీసు నుంచి రోజూ ఎక్స్‌ఎంఎల్ ఫైల్ పోతది. ఇయ్యాల ఎవరొస్తరు, ఏ బండొస్తది, అన్నీ అండ్లనే. ఫైల్‌ల ఉంటే గేటు లేస్తది, లేకుంటే లేవది. నువ్వు రోజూ ఆ ఫైల్ చదవాలె. ఆఫీసుల మన మనిషి కాపీ పంపుతది."

చెప్పినంత సులువు కాలేదు. మొదటిరోజు ఫైల్ తెరవగానే ప్రేమ్‌రాజ్‌కి కళ్ళు తిరిగాయి. ప్రోగ్రామ్ పుట్టించే ఆ ఫైల్ అంతా ఒకే లైను. పేర్లు, బండి నంబర్లు, వాటికి ముందూ వెనకా ట్యాగులనే గుర్తులు, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా సాగిపోతాయి. కంప్యూటర్‌కి ఆ లైను ఎంత పొడుగైనా ఒకటే. చదవాల్సిన మనిషి గతి ఏమిటో ప్రోగ్రామ్‌కి పట్టదు.

అతన్ని ఆదుకున్నది గీతాంజలి. డేటా ఆఫీసులో ఆమె సీనియర్ ఆపరేటర్. శాఖకి రహస్యంగా సమాచారమిచ్చే సోర్స్. ఎర్ర స్కూటీ, నల్లకళ్ళద్దాలు, దాటి వెళ్ళాక కూడా కాసేపు నిలిచే అత్తరు వాసన. ఆమెని చూసి సందులో ఆటోలే తప్పుకునేవి.

"గిట్లుంటే దేవుడు గూడ చదవలేడు," అని నవ్వింది. "రోజూ కాపీ తీసి ఎంటర్లు కొట్టి పంపిస్త. ఒక్కో ట్యాగు ఒక్కో లైన్ల. మనిషికి మనిషికి నడుమ ఒక లైను ఖాళీ. జర గాలి ఆడాలె కదా."

అన్నట్టే పంపింది. హుస్సేనీ ఆలంలోని ఒంటి గదిలో, పక్క పోర్షన్ కుక్కర్ కూస్తే తప్ప ఆకలి గుర్తురాని అతను, ప్రతి మధ్యాహ్నం ఆ ఫైల్ కోసం ఎదురుచూసేవాడు. ఆ ఎంటర్లు ఆమె తనకోసం ఒక్కొక్కటీ వేలితో నొక్కినవి. ఈ ఊళ్ళో ఎవరైనా అతని కోసం చేసే పని అదొక్కటే. ఒక్కోసారి చదవడం అయిపోయాక కూడా మూసేసేవాడు కాదు.

వానాకాలం పోయింది. చలి మొదలైన రోజుల్లో చీఫ్ ఫోన్ చేశాడు.

"ఇయ్యాలనే. వ్యాన్ బయల్దేరిందట. ఫైల్ చూసినవా?"

"చూసిన సార్. క్లీన్."

"ఏ ఫైల్? గేటుకు పోయిందా, ఆమె పంపిందా?"

మొదటిరోజు తర్వాత గేటు ఫైల్‌ని ప్రేమ్‌రాజ్ తెరిచిందే లేదు. తెరవాలని అనిపించలేదు. ఏజెంట్ చేయకూడని తప్పు అది, ఒంటరివాడు మాత్రం చేసే తప్పు.

కాసేపటికి ఏసీ మెకానిక్ వేషంలో డేటా ఆఫీసులో ఉన్నాడు. సర్వర్ పక్కన స్టూలెక్కి దగ్గుతూ జేబులోంచి ఇన్‌హేలర్ తీశాడు. శాఖ ఇచ్చిన కాపీయర్ అది. రెండుసార్లు నొక్కితే గేటు ఫైల్ ఫోన్‌లోకి దిగింది.

మెట్లమీద నిలబడి తెరిచాడు. ఒకటే లైను. వేలితో తోస్తూ పోయాడు. పేర్లు, నంబర్లు, ట్యాగులు. ఉన్నట్టుండి లైను తెగింది. పైన ఒక ఖాళీ లైను. ఒక్కో ట్యాగూ విడివిడిగా, ఆక్సిజన్ సిలిండర్ల వ్యాన్, డ్రైవర్ కొండల్. కింద ఇంకో ఖాళీ లైను. ఆ తర్వాత మళ్ళీ ఎడతెగని లైను.

ఆ ప్రోగ్రామ్ ఎప్పుడూ ఎంటర్ కొట్టదు. ఆమె పంపిన కాపీలో లేని ఈ వ్యాన్‌ని ఎవరో చేత్తో ఎక్కించారు. ఆ చెయ్యి ఎవరిదో అతనికి దస్తూరీ చూసినంత స్పష్టంగా తెలిసింది.

గేటుకి ఫోన్ చేయాలి. చేస్తే గీతాంజలి జైలుకి పోతుంది. అతను మెట్టుమీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే నంబర్ నొక్కాడు.

"గేటా? సిలిండర్ వ్యాన్ వచ్చిందా?"

"ఇగో సార్, గేటు లేస్తున్నది..."

"దించు!"

సగం లేచిన ఇనుప కడ్డీ వ్యాన్ బానెట్ మీద పడిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. సిలిండర్లలో ఒకటి లోహం దాచి తేవడానికి బోలుగా ఉంది, దాని అడుగు మర తిప్పితే ఊడొచ్చేలా చేశారు. డ్రైవర్ సీటు కింద పిస్తోలు దొరికింది.

గీతాంజలి పారిపోలేదు. ఆఫీసు ఎదుటి చాయ్ హోటల్లో మూల టేబుల్ దగ్గర కూర్చుంది. అతను ఎదుట కూర్చుని, చొక్కా గుండీ తెంపి నీళ్ళ గ్లాసులో వేశాడు. గుండీలో మైకుంది.

"ఎట్ల దొరికిన?"

"ఎంటర్లు కొట్టినవ్."

ఆమె కళ్ళద్దాలు తీసింది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మా తమ్ముడు రాహుల్ ఆ ముఠోళ్ళ ఓడల పనిచేస్తడు. పాస్‌పోర్ట్ వాళ్ళ చేతుల్నే ఉన్నది. గీ ఒక్క పని చెయ్యి, ఇడిసిపెడ్తం అన్నరు."

"నాకు చెప్పాలె కదా గీతా."

"ఎవరికి? నీ పేరేందో గూడ నాకు తెల్వదు."

అతను టేబుల్ మీదికి వంగాడు.

"ఒక్కటి చెప్పు. ఆ లైన్లు కావాలనే కొట్టినవా? నేను చూడాలని?"

అవునంటే తను బతికిపోతుందని ఆమెకూ తెలుసు. "లే. ఆదమరిచిన. రోజూ నీకోసం కొట్టీ కొట్టీ చెయ్యికి అలవాటైంది. నీకు అబద్ధం చెప్పబుద్ధి కాలే."

జీపు వచ్చింది. ఆమె తనంతట తానే లేచి వెళ్ళింది.

మర్నాడు అదే పాల దుకాణం దగ్గర దుర్గయ్య అడిగాడు. "మైకెందుకు బందైంది?"

"డిపార్ట్‌మెంట్ సరుకు కద సార్."

చీఫ్ ఓరగా చూశాడు. "గిది చెప్పు. ఆ ఎంటర్లు పొరపాటా, మనకు సైగనా? పొరపాటైతే ఆమె ముఠా మనిషి, ఇగ బయటికి రాదు. సైగైతే మన సాక్షి. తమ్మున్ని గూడ మనమే తెప్పిస్తం. నువ్వేది రాస్తే గదే ఫైనల్."

"సైగనే సార్. మా ఇద్దరి మధ్య కోడ్."

"పక్కానా?"

"పక్కా."

దేశం కోసం ఇన్నేళ్ళు అబద్ధాలాడిన ప్రేమ్‌రాజ్ సొంతానికి వాడుకున్నది ఆ ఒక్కటే. దానికి శాఖవాళ్ళు అతనికి మెడల్ ఇచ్చారు, అదీ దొంగపేరు మీదే.