కోపహారి

ఇలా రా తల్లీ, దగ్గరగా కూర్చో. ఇంకా జరగని కథ చెబుతాను. కాకినాడ రేవులో మనుషుల్లేని పడవలు వాటంతటవే చేపలు దించే కాలం అది. అక్కడి పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీలో నూకరత్నం, జమీలా, సుధాంశు కలిసి వీడియో గేముల స్టూడియో పెట్టారు. వాళ్ళకొక ఆచారముండేది. శుక్రవారం కలిసి భోంచేస్తూ, ఒకరి పనిలో తప్పులు మరొకరు మొహం మీదే కడిగెయ్యాలి.

"నీ సముద్రం అట్టులా చదునుగా ఉందే!" అని నూకరత్నం అంటే, "నీ రాక్షసుణ్ణి చూస్తే పిల్లలకు నిద్దరొస్తాది!" అని జమీలా అనేది. ఆ తిట్లతోనే గేములు పదునెక్కాయి. ఐసు ఫ్యాక్టరీ చోట మేడ లేచింది.

అప్పుడు నూకరత్నం కోపహారిని కనిపెట్టింది. తలకు పట్టీలా కట్టుకుంటే, అందులోని న్యూరల్ సెన్సర్లు మెదడులో రగిలే కోపాన్ని పసిగట్టి, లాగేసి గేములో రాక్షసుడికి ఎక్కిస్తాయి. వాణ్ణి చంపితే మనిషి చల్లబడతాడు. జనం ఎగబడి కొన్నారు. స్టూడియో పెత్తనం చేతికొచ్చిన సుధాంశు ఉద్యోగులందరికీ అది కట్టించాడు. కనిపెట్టినామె గనక నూకరత్నాన్ని మాత్రం అడగలేదు. ఆ తర్వాత శుక్రవారం భోజనాల్లో మజ్జిగ జుర్రే చప్పుడే మిగిలింది.

పట్టీ కట్టుకోనన్నందుకు ఒకనాడు సుధాంశు జమీలాను వెళ్ళగొట్టాడు. ఆ శుక్రవారం నూకరత్నం కంచం నెట్టేసి లేచింది.

"జమీలా కుర్చీ ఖాళీగా ఉంది. ఒక్కరికైనా ఒళ్ళు మండదా?"

జమీలా దగ్గర బొమ్మలు గియ్యడం నేర్చుకున్న ఏసుపాదం నవ్వాడు. "మంచి మనిషండి ఆవిడ. పప్పు వేసుకోండి మేడమ్."

పట్టీలన్నిటినీ నడిపే యంత్రం గోడలోంచి పలికింది. "నూకరత్నం గారూ, మీ గొంతు హెచ్చింది. కోపం తీసెయ్యమంటారా?"

"నా కోపం నాది! దాని జోలికొస్తే నీ వైర్లు పీకేస్తా!"

అన్నంత పనీ చేసింది. పట్టీలన్నీ ఆరిపోయాయి. కుర్చీలు వెనక్కి పడ్డాయి, మొహాలు ఎర్రబడ్డాయి. కోపం వచ్చింది! నూకరత్నం గుండె పొంగింది. ఇప్పుడైనా జమీలా కోసం నోరు విప్పుతారు.

"ఎవరు తియ్యమన్నారండి?" ఏసుపాదం ఆమె మీదికి వచ్చాడు. "పట్టీ లేకుండా ఇక్కడ ఎలా పనిచెయ్యమంటారు? ముందు నాది ఆన్ చెయ్యండి!"

"నాది ముందు!" అంటూ అతణ్ణి లాగేసి అరిచినవాడు సుధాంశు. జమీలా పేరు ఒక్కరి నోటా రాలేదు.

నూకరత్నం తెగిన వైరు పిడికిట్లో బిగించి, అందర్నీ తోసుకుంటూ జమీలా ఇంటి గుమ్మానికి వెళ్ళింది.

"ఏ మొహం పెట్టుకొచ్చావే? ఆ దిక్కుమాలిన పట్టీ కనిపెట్టింది నువ్వు కాదటే?" జమీలా చెడామడా తిట్టింది.

"ఇంకా తిట్టు," అంది నూకరత్నం, గడపలోనే చతికిలబడి. "మనం మొదలెట్టింది అలాగేగా!"

గుర్తుంచుకో తల్లీ. నీ కోపం తీసేస్తామని ఎవరైనా నవ్వుతూ వచ్చిననాడు, ఈ కథ నీ పక్కవాళ్ళకు గట్టిగా చెప్పు.