కొండెక్కని బండి

"బ్రేక్‌డౌన్ మీదేనా?"

వానలో తడుస్తున్నవాణ్ణి పట్టుకుని ఆ ప్రశ్న అడిగితే ఒళ్ళు మండదూ? కొండ మలుపులో బానెట్ ఎత్తి ఉన్నది ఒకటే బండి. దాని పక్కన నిలువునా తడిసి నిలబడ్డది ఒకడే మనిషి.

"కాదండీ. వాన బాగుందని నిలబడ్డాను," అన్నాడతను.

"సరే, నిలబడండి. నేను వెళ్ళొస్తా." టోయింగ్ లారీ నడుపుతున్న అమ్మాయి నిజంగానే రివర్స్ గేర్ వేసింది.

"ఏమండీ! ఆగండాగండి! మాదే!"

బండి లోపల్నుంచి పకాలున నవ్వు వినిపించింది. అతను ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. నవ్వింది అన్నయ్య. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసేవాడు. ఒక పాత బిల్డింగులో పనిచేస్తూ లిఫ్ట్ గుంతలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము కింది నుంచి స్పర్శ పోయింది. ఇంట్లో ఉన్నది అన్నదమ్ములిద్దరే. తమ్ముడు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ప్రతి గురువారం సెలవు పెట్టి అన్నయ్యని కొండ మీది ఫిజియోథెరపీ సెంటర్‌కి తీసుకెళ్తాడు. చక్రాల కుర్చీ పట్టాలని, ఎన్నో చేతులు మారిన పాత ఎస్‌యూవీ ఒకటి కొన్నాడు.

చదును రోడ్డు మీద అది బుద్ధిగానే పరిగెత్తేది. కొండ మొదలై గేర్‌బాక్స్ వేడెక్కిందంటే దాని అసలు రంగు బయటపడేది. గేర్ మారినప్పుడల్లా ఎవరో వెనకనుంచి గుద్దినట్టు కుదుపు. కింద షాఫ్ట్ దగ్గర టకటకమని చప్పుడు. ఆ తర్వాత ఇంజన్ గొంతు చించుకుని అరవడమే తప్ప చక్రాలు కదిలేవి కావు.

"గేర్ జారుతోందా?" అమ్మాయి లారీ దిగి, కిందికి వంగి చూసింది. రెయిన్‌కోటు, మోకాళ్ళ దాకా బూట్లు, గీతలు పడిన కళ్ళద్దాలు. "ఆయిల్ మాడిన వాసనొస్తోంది. లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"మా అన్నయ్య. ఆయన... దిగలేరు."

ఆమె అయ్యో అనలేదు. జాలిగా చూడలేదు. వెళ్ళి డోర్ తీసింది. "నమస్తే అండీ. మా లారీ సీటు కొంచెం ఎత్తు. మీ తమ్ముడుగారు నడుం దగ్గర పట్టుకుంటే, నేను కాళ్ళు పడతాను. ఓకేనా?"

"ఓకే అమ్మా. లిఫ్టులు బాగుచేసినవాణ్ణి. ఇప్పుడు నన్నే ఎత్తడానికి ఇద్దరు కావాల్సొచ్చింది," అన్నాడు అన్నయ్య.

ఆమె నవ్వింది. తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. ఈ వారం థెరపీ పోయిందే అన్న దిగులే అతనికి.

* * *

"ఇది ఆయిల్ మారిస్తే పోయే జబ్బు కాదు," అన్నాడు మెకానిక్, నల్లగా మాడిన ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్దుతూ. "లోపల ప్లేట్లు అరిగిపోయాయి. కంపెనీ ఈ మోడలే ఆపేసింది. ఇదే రకం బండి ఎక్కడైనా గుద్దుకుని మూలపడి ఉంటే, దాని గేర్‌బాక్స్ తెచ్చి వేయాలి. దొరికేదాకా కొత్త ఆయిల్‌తో లాగించండి. వేడెక్కకుండా మెల్లగా నడపండి."

అతను మెల్లగానే నడిపాడు. ఒక వారం కొండెక్కింది. మరో వారం సగంలో ఆగింది.

"మళ్ళీ మీరేనా?" అందామె లారీ అద్దం దించి.

"మీకు నంబర్ గుర్తుండిపోయిందా?"

"'వాన బాగుంది' అని సేవ్ చేసుకున్నాను."

అన్నయ్య లోపల్నుంచి, "దానికన్నా మంచి పేరు మావాడికి ఈ జన్మకి రాదమ్మా," అన్నాడు.

బండిని లారీ మీదికి ఎక్కించి గొలుసులు బిగించాక, ఆమె కళ్ళద్దాలు తీసి చున్నీ కొసతో తుడుచుకోబోయింది. అతను ఉండబట్టలేక చెయ్యి చాచాడు. "అలా తుడవకండి. ఆ గీతలన్నీ అందుకే. ఇటివ్వండి."

జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచాడు. వంకరపోయిన కాడని వేళ్ళతో సరిచేశాడు. అద్దాలు లేని ఆమె మొహం కొత్తగా ఉంది. కళ్ళ కింద అలసట, బుగ్గ మీద గ్రీజు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

"పెట్టుకోండి. ఇప్పుడెలా ఉంది?"

ఆమె ఒకసారి కొండకేసి చూసి, తర్వాత అతనికేసి చూసింది. "దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తున్నాయి. దగ్గరున్నవాళ్ళే మసగ్గా ఉన్నారు."

"అది... వాన నీళ్ళండీ."

"అయ్యుండచ్చు, అద్దాలు గారూ."

ఆ రోజు నుంచి అతని పేరు అద్దాలు గారే అయింది. ఆమెకి అతను పెట్టిన పేరు క్రేన్ గారు. ఆ తర్వాత బండి ఆగని రోజుల్లో కూడా ఫోన్లు నడిచాయి. "బండి ఎలా ఉంది?" అని ఆమె అడిగేది. "దగ్గుతోంది," అనేవాడతను. బండి గురించి మొదలైన మాట ఎక్కడెక్కడో తిరిగేది.

"మీ ఉద్యోగం బాగుంటుంది కదా, రోజుకో ఊరు," అన్నాడొకసారి.

"నన్ను పిలిచేవాళ్ళంతా ఏడుపు మొహాలతోనే పిలుస్తారండీ. పని అయ్యాక నంబర్ కూడా ఉంచుకోరు. మళ్ళీ నా అవసరం రాకూడదనే అందరూ కోరుకుంటారు. తప్పు కాదు కదా అది."

చెప్పాల్సింది గుండెలో ఉంది గానీ నోటిదాకా రాలేదు. ముందు అన్నయ్య నడవాలి. ఆ తర్వాతే తన సంగతి. అలా అని తనకి తానే గీత గీసుకుని కూర్చున్నాడు.

* * *

ఇంకో గురువారం. ఈసారి బండి కొండ మొదట్లోనే చేతులెత్తేసింది. మెకానిక్ దగ్గర ఆలస్యమవుతుందని, పక్కింటివాళ్ళ సాయంతో అన్నయ్యని ఇంటి దగ్గర దింపే పని క్రేన్ అమ్మాయే తీసుకుంది. తిరిగి వచ్చేసరికి ఆమె మొహంలో ఎప్పటి వెలుగు లేదు.

"కోపం తెచ్చుకోకుండా ఒక మాట వింటారా?" అంది, మెకానిక్ షెడ్డు రేకుల కింద నిలబడి. పైన వాన దడదడమంటోంది.

"చెప్పండి."

"అసలు ఆ సెంటర్‌కి వెళ్ళాలని ఉందా లేదా అని, మీ అన్నయ్యని ఒకసారి అడగండి."

"అదేం మాట? వెళ్ళకపోతే కాళ్ళెలా వస్తాయి?"

"అడగండి, అంతే. బండి ఆగిన ప్రతిసారీ ఆయన మొహం చూశారా మీరు? నేను చూశాను."

అతనికి తిక్క రేగింది. ఎందుకు రేగిందో ఆలోచించే ఓపిక కూడా లేదు. "ఏం చూశారు? మా అన్నయ్య గురించి మీకేం తెలుసు? మీరు బండ్లు లాగుతారు. ఆయన్ని రోజూ ఎత్తేది నేను. బండ్లు లాగినంత తేలిక్కాదు అది!"

మెకానిక్ చేతిలో పానా పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

ఆమె ఏదో అనబోయి, పెదవి బిగించింది. "నిజమే. నాది బండ్లు లాగే పనే," అని వానలోకి నడిచింది. లారీ మలుపు తిరిగేదాకా వెనక లైట్లు ఎర్రగా కనిపించాయి.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. తను చేద్దామని ఎన్నిసార్లు తీసినా, ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయేది. షాపులో ఎదుటివాళ్ళ చూపు సరిచేస్తూ కూర్చున్నాడు. ఇంట్లో అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కురుస్తున్న వానకేసి చూసేవాడు. ఇద్దరూ అన్నం కలుపుకునేవాళ్ళు, తిన్నామనిపించుకుని లేచేవాళ్ళు. బండి మెకానిక్ షెడ్డులోనే పడి ఉంది.

ఒకనాడు మెకానిక్ ఫోన్ చేశాడు. "గేర్‌బాక్స్ దొరికింది. బిగించేశాను కూడా. షాఫ్ట్ జాయింట్లు కూడా మార్చాను. వచ్చి నడిపి చూసుకోండి."

బండి సాఫీగా కదిలింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. అతను నమ్మలేకపోయాడు. "ఎక్కడ దొరికిందండీ?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "చెప్పొద్దంది గానీ నా నోరు ఊరుకోదు. ఆ లారీ అమ్మాయే తెచ్చింది. ఎన్ని ఊళ్ళ పాత ఇనుప సామాన్ల షెడ్లు తిరిగిందో మరి. 'ఇది వేసేయండి, ఇక ఆయనకి నా అవసరం రాదు' అంది."



* * *

గురువారం పొద్దున్నే అన్నయ్యని ఎక్కించుకుని బయల్దేరాడు. మబ్బు కొండ మీదికి దిగి ఉంది. ఎప్పుడూ ఆగిపోయే మలుపు వచ్చింది. బండి ఆగలేదు. ఇంజన్ కొంచెం గొంతు పెంచి, గేర్ మార్చుకుని, పైకి లాగేసింది.

"చూశావా అన్నయ్యా! ఎలా ఎక్కుతోందో చూడు!"

అన్నయ్య రాబోయే మలుపుకేసి చూస్తున్నాడు.

సెంటర్ గేటు ముందు ఆపి, తమ్ముడు కుర్చీ దించి, డోర్ తీసి చేతులు చాచాడు.

"దింపకురా," అన్నాడు అన్నయ్య.

"ఏమైంది? నడుం నొప్పా?"

"నొప్పి తెలిస్తే బాగుణ్ణు." అన్నయ్య ఎదురుగా ఉన్న అద్దాల తలుపుకేసి చూస్తున్నాడు. "నా కాళ్ళు రావురా. ఇక్కడి డాక్టరమ్మ నాకెప్పుడో చెప్పేసింది. నీకు చెప్పొద్దని నేనే బతిమాలుకున్నాను."

అతని చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

"ఎందుకన్నయ్యా?"

"నన్ను సీట్లో కూర్చోబెట్టినప్పుడల్లా నీ మొహం చూస్తాను కదరా. 'వచ్చే ఏడాదికి నడిచేస్తావు అన్నయ్యా' అంటావు. ఆ మొహానికి ఏమని చెప్పను? లోపల కడ్డీల మధ్య నిలబెడతారు. పడతాను. నువ్వు ఆ తలుపు అవతల్నుంచి బొటనవేలు ఎత్తి చూపిస్తావు. మళ్ళీ లేపుతారు, మళ్ళీ పడతాను. బండి ఆగిపోయినప్పుడల్లా, హమ్మయ్య, ఈ వారం పడక్కర్లేదు అనుకునేవాణ్ణి. ఇవాళ కూడా ఆగుతుందేమోనని మలుపు మలుపుకీ చూశాను. ఆగలేదు. ఇంక దాచుకోవడానికి చోటు లేదురా నాకు."

అతను తడి రోడ్డు మీద, తెరిచిన డోర్ పక్కన, అలాగే చతికిలబడ్డాడు. అన్నయ్య మోకాలి మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ మోకాలికి అది తెలియదు. అన్నయ్య చెయ్యి మాత్రం వచ్చి అతని తల మీద పడింది.

"మా కంపెనీవాళ్ళు ఫోన్ల దగ్గర కూర్చోమన్నారు గుర్తుందా? ఎక్కడ ఏ లిఫ్ట్ ఆగిందో విని, మనిషిని పంపించే పని. కాళ్ళొచ్చాక చూద్దామని నువ్వే వద్దన్నావు. వెళ్తానురా నేను. ఇంట్లో కూర్చుని వాన చూడలేకపోతున్నాను."

"వెళ్దువుగాని," అన్నాడతను. లోపల్నుంచి ఆయా ఒకావిడ తొంగి చూసి వెళ్ళిపోయింది.

"ఆ అమ్మాయికి చెప్పాను," అన్నాడు అన్నయ్య చివరికి. "ఇంటి దగ్గర దింపిన రోజున. ఎవరికైనా చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. అవునూ, ఫోన్లు ఆగిపోయాయేంట్రా? ఆ పిల్లని ఏమైనా అన్నావా?"

"అనకూడనిదే అన్నాను."

"అయితే ఇంకా కూర్చున్నావేం? కుర్చీ ఎక్కించు. బండి తిప్పు."

* * *

ఆమె షెడ్డు ఊరి చివర ఉంది. నుజ్జయిన బండ్లు వరసగా నానుతున్నాయి. ఆమె లారీ వెనక నిలబడి ఇనుప తాడుకి గ్రీజు పూస్తోంది. తెలిసిన ఇంజన్ చప్పుడు విని కూడా తలెత్తలేదు.

"ఎక్కడ ఆగింది?" అంది.

"ఎక్కడా ఆగలేదండీ. కొండ మీదిదాకా వెళ్ళింది."

"మరింకేం కావాలి?"

"క్షమాపణ అడగాలి. ఆ రోజు నోటికొచ్చినట్టు వాగాను. అన్నయ్య అంతా చెప్పేశాడు. మీరు చెప్పబోయింది అదేనని నాకు తెలియలేదు."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "ఆయనెలా ఉన్నారు?"

"బరువు దించుకున్నట్టున్నాడు. నాకే ఊపిరాడట్లేదు." అతను మొహం మీది వాన నీళ్ళతో పాటు కళ్ళు కూడా తుడుచుకున్నాడు. "క్రేన్ గారూ, నా బండి బాగుంది. ఇక ఆగదు. మీ అవసరం రాకూడదని మీరే బాగుచేయించారు. కానీ అవసరం లేకపోయినా నేను వస్తాను. రోజూ వస్తాను. మీరు పొమ్మంటే తప్ప."

"నాకు మళ్ళీ కోపం తెప్పిస్తే?"

"తిట్టండి. పడతాను."

"గ్రీజు చేతులండీ నావి."

"నావి అద్దాల పొడి చేతులు. రోజూ కడుక్కునేవే కదా రెండూ."

ఆమెకి నవ్వొచ్చింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. మొహం పక్కకి తిప్పుకుంది.

బండి కిటికీలోంచి అన్నయ్య తల బయటికొచ్చింది. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుంది. "ఏమ్మా! మావాడికి మాటలు తక్కువ. తిక్క ఎక్కువ. పెద్దవాణ్ణిగా నేనే అడుగుతున్నాను. వీడు నీకు ఇష్టమేనా? వద్దంటే ఇప్పుడే చెప్పెయ్, నేనేమీ అనుకోను. ఇంటికి పోయి ఇద్దరం కూర్చుని ఏడుస్తాం."

ఆమె చేతులు తుడుచుకుని, వానలో నడుచుకుంటూ ఆ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"బావగారూ, ముందు ఆ అద్దం పైకెత్తండి," అంది. "తడిసిపోతున్నారు."