మూడో మంచం మీది చెయ్యి

మా అక్క చదివిన నర్సింగ్ కాలేజీలో రెండో అంతస్తులో, వరండా చివర ఒక ప్రాక్టీసు గది ఉంది. మూడు మంచాలు, మూడింటి మీదా నిండు గర్భిణి బొమ్మలు. ప్లాస్టిక్‌వి. పగలంతా పిల్లలు వాటి పొట్టలు తడుముతూ పురుడు పోయడం నేర్చుకుంటారు. చీకటి పడిందా, అటువైపు ఒక్కరూ అడుగు వెయ్యరు.

మూడో మంచానికి మంచి పేరు లేదు. అదివరకు ఆ గది నిజం కాన్పుల గదేనట. బొమ్మలొచ్చాక కూడా ఆ మంచం మీద రాత్రిళ్ళు ఎవరో మూలుగుతారట...

నేను నమ్మను. కానీ ఇది మా అక్కకి జరిగింది. అది బొద్దింకని చూసి కుర్చీ ఎక్కే రకమే గానీ, అబద్ధాలాడే రకం కాదు.

ఆ ఏడు అక్క ఒకే పరీక్ష రెండుసార్లు తప్పింది. కడుపులో బిడ్డ గుండె వినే పరీక్ష. చెక్క గొట్టం ఒకటుంటుంది, గరాటులాగా. వెడల్పు వైపు పొట్ట మీద ఆనించి, రెండో వైపు చెవి పెట్టాలి. అదొక్కటే అయితే నేనూ చేస్తాను. వింటున్నంతసేపూ తల్లి మణికట్టు మీద వేలుండాలి! భయానికో నొప్పికో తల్లి గుండె కూడా బిడ్డ గుండెంత వేగంగా కొట్టుకుంటుంది. నాడీ, చెవిలో చప్పుడూ ఒక్కటైపోతే నువ్వు వింటున్నది బిడ్డని కాదు, తల్లినే.

అక్క రెండుసార్లూ ఆ వేలే మర్చిపోయింది. ఎలా గుర్తుంటుంది పాపం? నేర్చుకున్నదంతా బొమ్మల మీద. బొమ్మకి నాడేముంది, పట్టుకోడానికి?

మూడోసారి తప్పితే పేరు కొట్టేస్తారు. నేను పుట్టేటప్పుడు అక్క తొమ్మిదేళ్ళ పిల్ల, అమ్మ చెయ్యి పట్టుకుని రాత్రంతా కూర్చుందట. ఆ రోజు నుంచీ దానికి ఇదే చదువు, ఇంకోటి లేదు. అందుకే పరీక్ష ముందు రాత్రి, దెయ్యం లేదు గియ్యం లేదు అనుకుంటూ, గొట్టం కొంగులో దాచుకుని ఆ గదికి వెళ్ళింది.

లైటు వేస్తే వార్డెన్ చూస్తుంది. చీకట్లోనే తడుముకుంటూ రెండో మంచానికీ మూడో మంచానికీ మధ్య మోకాళ్ళ మీద కూర్చుంది. మూడో మంచం మీది బొమ్మకి మెడదాకా దుప్పటి కప్పి ఉంది. అక్క దానికి వీపు పెట్టి, రెండో బొమ్మ పొట్ట మీద గొట్టం ఆనించి, చెవి పెట్టింది.

ఏమీ లేదు. ఉండదు కదా.

అప్పుడు... వెనక నుంచి...

"చెయ్యి పట్టుకోమ్మా..."

గాలి కూడా అంతకంటే గట్టిగా వీస్తుంది. అంతా నా భ్రమే, వేలు మర్చిపోయానని నా బుర్రే నన్ను తిడుతోంది అని అక్క సర్దిచెప్పుకుంది. కళ్ళు మూసుకుని, బొమ్మ చెయ్యే కదా అని, వెనక్కి చెయ్యి చాపి దొరికిన మణికట్టు పట్టుకుంది.

వెచ్చగా ఉంది.

వేలి కింద... కొట్టుకుంటోంది.

అంతే! గొట్టం ఎక్కడ పడిందో, మెట్లు ఎలా దిగిందో దానికి తెలీదు. తెల్లారేదాకా దుప్పటి ముసుగు తియ్యలేదు.

పొద్దున పరీక్ష. వార్డులో నిజం తల్లి, నిజం కడుపు. పరీక్ష పెట్టేది గడియారం మేడం. ఎప్పుడు చూసినా చేతి గడియారం చూస్తూ ఎవరిదో ఒకరి నాడి లెక్కపెట్టే మనిషి కాబట్టి పిల్లలు పెట్టిన పేరు. తల్లి పొట్ట మీద బిడ్డ గుండె చప్పుడు వినిపించే మెషీను పెట్టి ఉంది. టిక్ టిక్ టిక్... నూట ఇరవై. "బిడ్డ బాగుంది" అని పక్క నర్సు అప్పటికే కాయితం మీద రాసేసింది.

అక్క వేలు దానంతటదే వెళ్ళి ఆ తల్లి మణికట్టు మీద వాలింది. రాత్రి వేలి కింద కొట్టుకున్నది ఇంకా మర్చిపోలేదు మరి.

టిక్ టిక్ టిక్. నాడీ అదే, మెషీనూ అదే.

పొరపాటైతే ఇంటిదారే. అయినా వార్డులో ఉన్న గొట్టం తీసుకుని పెట్టి, జరిపి, మళ్ళీ జరిపి వింది. ఎక్కడో లోపల, నీరసంగా, ఇంకో గుండె.

"మేడం... మెషీను చెప్తున్నది అమ్మ గుండె. బిడ్డది ఎనభై కూడా లేదు."

గడియారం మేడం గొట్టం లాక్కుని చెవి పెట్టింది. "ఆపరేషన్ థియేటర్! పరిగెత్తండి!" అని అరిచింది.

అరగంటకి లోపల్నుంచి కేరుమని ఏడుపు. తల్లీ బిడ్డా క్షేమం. అక్క కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చిందట, పాసైందన్న సంగతే అడక్కుండా.

సాయంత్రం మేడం తన గదికి పిలిచింది. బల్ల మీద అక్క గొట్టం ఉంది, రాత్రి పారేసుకున్నది.

"భయపెట్టానా అమ్మాయ్?" అంది మేడం. "మూడో మంచం మీద పడుకున్నది నేనే. బొమ్మని కిందకి దించి, ఏడాదికి ఒక్క రాత్రి పడుకుంటాను. నీ వయసులో అక్కడ డ్యూటీ చేశాను. ఆ మంచం మీద ఒకావిడ చెయ్యి పట్టుకోమ్మా అని ఒకటే అడిగింది. రాసుకునే పనుందని పట్టుకోలేదు. బిడ్డ గుండె బాగుందని రాశాను. అది ఆవిడ గుండె... తెల్లారేసరికి ఇద్దరూ లేరు. నిన్నటి తేదీనే."

అక్కకి గుండె మీది బరువు దిగి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"చంపేశారు కదా మేడం! చీకట్లో చెయ్యి దొరకడమే ఎక్కువ, పైగా చెయ్యి పట్టుకోమ్మా అని ఆ గుసగుస ఒకటా!"

మేడం తలెత్తి అక్క మొహంలోకి చూసింది. చేతి గడియారం చప్పుడు వినిపిస్తోందట.

"నేను నోరు విప్పలేదే..." అంది మెల్లిగా. "ఆ మాట నాకూ వినపడింది. ఈసారైనా పట్టుకుందామని... చెయ్యి చాపాను."