గురువారం రెండు గంటలకు

ఆ రోజు కూడా క్లిఫర్డ్ ఆరింటికే లేచి, పబ్‌లో బీరు పంపుల ఇత్తడి తుడిచాడు. వెనక వంటింట్లో కూతురు లోరెయిన్ రొట్టె ముక్కలకు వెన్న రాస్తోంది. పదకొండింటికి చర్చిలో క్లిఫర్డ్ భార్య ఎనిడ్ అంత్యక్రియలు. అవి కాగానే ఊరంతా ఇక్కడికే వస్తుంది. రావడానికి ఊళ్లో ఇంకో చోటు లేదు. ఒకప్పటి మూడు పబ్బుల్లో మిగిలింది ఈ వీట్‌షీఫ్ ఒక్కటే. రొట్టెల కొట్టూ, మాంసం కొట్టూ, పోస్టాఫీసూ ఎప్పుడో ఇళ్లయిపోయాయి. ‘పాత బేకరీ’, ‘పాత పోస్టాఫీసు’ అని గేట్ల మీద పేర్లు మాత్రం ఉన్నాయి.

“నాన్నా, తమ్ముడు కూడా వస్తాడు కదా?” అంది లోరెయిన్ తలెత్తకుండా.

“చర్చికి రానీ. చర్చి నాది కాదు.”

“తర్వాత?”

“పబ్ నాది.”

తొమ్మిదేళ్ల కిందట పబ్ పక్కగదిలో ఎనిడ్ నడిపే కిరాణా షాపు మూతపడింది. క్లిఫర్డ్ తల్లి పెట్టిన షాపు అది. అదే నెల మొదట్లో కొడుకు ఎడ్రియన్, పట్నంలోని పెద్ద సూపర్‌మార్కెట్‌లో చేరి, వాళ్ల సరుకుల వ్యాను ఊళ్లో ఇంటింటికీ తిప్పడం మొదలుపెట్టాడు. ఒక శనివారం సాయంత్రం నిండు పబ్‌లో క్లిఫర్డ్ కొడుకును నిలబెట్టి, “నువ్వు జన్మలో ఈ గడప తొక్కకు” అన్నాడు. ఆ ఊళ్లో పబ్ యజమాని ఒకసారి రావద్దన్నాడంటే అంతే. కిటికీ పగలగొట్టినవాడైనా, కన్నకొడుకైనా ఒకటే లెక్క. ఎడ్రియన్ మూడిళ్ల అవతలే ఉంటూ, పక్క ఊరికి వెళ్లి బీరు తాగేవాడు.

సమాధి దగ్గర తండ్రీకొడుకులు చెరోవైపు నిలబడ్డారు. వెనక్కి వచ్చేసరికి సన్నగా వాన మొదలైంది. అందరూ తలుపు దగ్గర కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చారు. ఎడ్రియన్ మాత్రం నల్లకోటుతో ఎదురుగా ఉన్న పిట్టగోడ దగ్గర ఆగిపోయాడు.

లోపల ఒక ముసలాయన శాండ్‌విచ్ ఎత్తి చూశాడు. “క్లిఫ్, హ్యామ్ ముక్క ఇంత పల్చగా కోశావేంటయ్యా, ఇందులోంచి పేపరు చదువుకోవచ్చు. ఎనిడ్ ఉంటే నీ చెవి మెలిపెట్టేది.”

నలుగురు నవ్వారు. క్లిఫర్డ్ నవ్వబోయి, వంటింట్లోకి వెళ్లిపోయాడు. లోరెయిన్ వెనకే వెళ్లింది.

“వాడు వానలో నిలబడ్డాడు నాన్నా. వాడి తల్లి పోయింది.”

“నా పెళ్లామూ పోయింది.”

“ఈ ఒక్కరోజుకి రమ్మను.”

“మాట తప్పితే రేపటినుంచి నా మాట ఎవడు వింటాడు? వాడి వ్యాను వల్ల మీ అమ్మ షాపు పోయింది. మూసిన రోజు ఖాళీ అరల ముందు కూర్చుని ఎలా ఏడ్చిందో నేను చూశాను. నువ్వు చూడలేదు.”

టీ కప్పులు కడగడానికి వచ్చిన డోరీన్ అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. చర్చి సందులో ఒంటరిగా ఉండే డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఎనిడ్‌కు చిన్నప్పటి స్నేహితురాలు.

“అది ఏడుపే. కానీ బాధతో కాదు క్లిఫర్డ్,” అంది. “హమ్మయ్య అని ఏడ్చింది.”

“నీకేం తెలుసు?”

“నడుం నొప్పితో మంచం మీంచి లేవలేక, తెల్లారి అయిదింటికి పాల డబ్బాలు దించుకోలేక ఎన్నాళ్లు ఏడ్చిందో తెలుసు. మీ అమ్మ షాపని నీతో చెప్పలేకపోయింది. ఎడ్రియన్ ఆ ఉద్యోగం వద్దన్నాడు. దరఖాస్తు నా బల్ల దగ్గర కూర్చుని ఎనిడే నింపింది, వాడి చేత సంతకం పెట్టించింది. వాడికి జీతం వస్తుంది, ఊరికి సరుకులు వ్యానే తెస్తే తనకి షాపు తప్పుతుంది.”

క్లిఫర్డ్ బల్ల అంచు పట్టుకున్నాడు. “మరి నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఆ శనివారం చెప్పాలనే వచ్చింది. అప్పటికే నువ్వు నలుగురిలో అనేశావు. మొగుడి పరువు పోతుందని నోరు మూసుకుంది. వాడినీ ముయ్యమంది.”

డోరీన్ ఒక కప్పు అందుకుని తుడవసాగింది.

“గురువారం మధ్యాహ్నం నా ఇంటికి అల్లికలకని వచ్చేది చూడు. తొమ్మిదేళ్లలో ఒక్క స్వెట్టరైనా నీకు కనిపించిందా? నాకు అల్లడమే రాదు. రెండింటికి నా సరుకులు తెచ్చేవాడు ఎడ్రియన్. వాడికి పది నిమిషాలు టైము. చీజ్ వేసి రొట్టె కాల్చి పెట్టి, వాడు తింటుంటే చూస్తూ కూర్చునేది. ఒక్కదాన్ని, నాకు వారం వారం సరుకులెందుకు? వాడు రావాలని తెప్పించేవాళ్లం.”

క్లిఫర్డ్ కోటు కూడా వేసుకోకుండా పబ్‌లోంచి నడిచి బయటికి వెళ్లాడు. లోపలి మాటలు ఒక్కసారి ఆగిపోయాయి.

ఎడ్రియన్ తండ్రిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. “గడప దాటలేదు నాన్నా. ఇది రోడ్డే.”

ఆ మాటకి క్లిఫర్డ్ ముఖం ముడుచుకుపోయింది.

“డోరీన్ చెప్పింది,” అన్నాడు.

ఎడ్రియన్ తల దించుకున్నాడు. “చెప్పొద్దంది అమ్మ.”

“ఆ పది నిమిషాలూ ఏం మాట్లాడుకునేవాళ్లు?”

“ఎక్కువగా నీ గురించే. బీపీ మాత్రలు దాచేస్తున్నావనీ, మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసపడుతున్నావనీ. నేనేమైనా అనబోతే, మీ నాన్నని అనకు, తిను అనేది.”

“నాకు ఒక్క మాట చెబితే...” అని ఆగిపోయాడు క్లిఫర్డ్. చెప్పే వీలు ఆమెకు తను ఎప్పుడిచ్చాడో ఎంత వెతికినా గుర్తు రాలేదు. రోజూ పక్కనే పడుకున్న మనిషి కన్నకొడుకును చూసుకోవడానికి పరాయి వంటింట్లో దాక్కుంది, తొమ్మిదేళ్లపాటు. తనని నొప్పించకూడదని.

“లోపలికి రా,” అన్నాడు. “ఇంకా ముందే పిలవాల్సింది. ఆవిడ ఉండగా.”

“వస్తాను. కాస్త ఆగి వస్తాను నాన్నా. ఇప్పుడు అందరిముందూ ఏడవలేను.”

క్లిఫర్డ్ తల ఊపి, తడి పిట్టగోడ మీద కూర్చున్నాడు. కొడుకు కూడా పక్కన కూర్చున్నాడు. క్లిఫర్డ్ చొక్కా భుజాల మీద వాన ఇంకుతోంది.

“వెళ్లాలా నువ్వు? ఇప్పుడూ పది నిమిషాలేనా?” అన్నాడు తండ్రి ఉండి ఉండి.

“ఈరోజు సెలవు పెట్టాను నాన్నా.”

చర్చిలో రాని కన్నీళ్లు, సమాధి దగ్గర రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి క్లిఫర్డ్‌కి.